చెన్నారెడ్డి పోయిన తొవ్వ, ఈశ్వరీబాయి నిలబడ్డ తొవ్వ



గ్రూప్స్‌కు చదివే మా పోచంపాడ్, బోధన్ పిల్లలకు డాక్టర్ మర్రి చెన్నారెడ్డి గురించి నోటికొచ్చు. 1919 జనవరిలో పుట్టారు. ఉస్మానియాలో ఎంబీబీఎస్. 1952లో బూర్గుల మంత్రివర్గంలో మంత్రి. 1967లో కేంద్రంలో ఉక్కు, గనుల మంత్రి. తర్వాత రెండుసార్లు ముఖ్యమంత్రి, నాలుగు రాష్ట్రాలకు గవర్నర్. 1996లో చనిపోయేనాటికి కూడా తమిళనాడు గవర్నరే.

ఆయనకంటే ఆరు వారాల ముందు, 1918 డిసెంబర్ 1న, సికింద్రాబాద్‌లో ఒక దళిత ఇంట్లో జె. ఈశ్వరీబాయి పుట్టారు. టీచర్‌గా పనిచేశారు. బాబాసాహెబ్ బాటలో రిపబ్లికన్ పార్టీకి వచ్చారు. 1967లో, అప్పుడు మన జిల్లాలో ఉన్న ఎల్లారెడ్డి నుంచి ఎమ్మెల్యేగా గెలిచారు. ఓడిపోయిన సదాలక్ష్మి కూడా దళిత మహిళే, అప్పటికే మంత్రిగా చేసినావిడ. మా అమ్మమ్మది ఎల్లారెడ్డి దగ్గరి పల్లె. "మనామె అసెంబ్లీల దొరల మొకం మీదనే అడిగేది బిడ్డా" అని చెప్పేది. డాక్టర్ సాబ్ గురించి ఆమె ఎన్నడూ మాట్లాడలేదు.

ఈ రెండు తొవ్వలు 1969లో కలిశాయి. అంతకుముందే, తాండూరు ఎన్నికలో అక్రమ పద్ధతులు వాడారని హైకోర్టు చెన్నారెడ్డి గెలుపును కొట్టేసింది. 1968లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. కేంద్ర మంత్రి పదవి పోయింది. ఆరేళ్ల అనర్హత పడింది. అప్పటికి తెలంగాణ రక్షణలు, కొలువుల కోసం విద్యార్థులు రోడ్డెక్కి ఉన్నారు. ఉద్యమం మొదలుపెట్టింది ఆయన కాదు. పిల్లలు మొదలుపెట్టారు, పోలీసు తూటాలకు పిల్లలే రాలిపోయారు. ఆయన తర్వాత వచ్చి తెలంగాణ ప్రజా సమితి పగ్గాలు పట్టారు. ఈశ్వరీబాయి, సదాలక్ష్మి ఇద్దరూ ఆ ఉద్యమంలో నిలబడ్డారు.

1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 సీట్లలో 10 ప్రజా సమితికి వచ్చాయి. జనం ఇంత స్పష్టంగా తీర్పు చెప్పిన కొన్ని నెలలకే, ఆ సెప్టెంబర్‌లో, పార్టీ మొత్తాన్నీ కాంగ్రెస్‌లో కలిపేశారు. బ్రహ్మానందరెడ్డి దిగి పి.వి. ముఖ్యమంత్రి అయ్యారు. రాష్ట్రం మాత్రం రాలేదు. 1974లో చెన్నారెడ్డి ఉత్తరప్రదేశ్ గవర్నర్ అయ్యారు.

విలీనాన్ని ఈశ్వరీబాయి ఒప్పుకోలేదు. 1972లో సంపూర్ణ తెలంగాణ ప్రజా సమితి తరఫున మళ్లీ ఎల్లారెడ్డిలో నిలబడ్డారు. ఆ పార్టీ నుంచి అసెంబ్లీకి గెలిచింది ఆమె ఒక్కరే. తెలంగాణ మాటను అమ్ముకోకుండా కాపాడిన ఆ ఒక్క సీటు అప్పటి మన జిల్లాది. ఓటేసినవాళ్లలో మా అమ్మమ్మలాంటి కూలి ఆడవాళ్లున్నారు.

చెన్నారెడ్డి తెలివి, ధైర్యం నేను కాదనను. కానీ ఒకటి చూడండి. కోర్టు దెబ్బ తిన్నా ఆయనకు లేవడానికి కులం, భూమి, ఢిల్లీ పరిచయాలు ఉన్నాయి. ఉద్యమం ఒక మెట్టు, విలీనం ఇంకో మెట్టు. ఈశ్వరీబాయికి ఉన్నది జనం ఇచ్చిన మాట ఒక్కటే. ఆయన ఇంటికి ఆ తరంలోనే వచ్చిన డాక్టర్ చదువు ఆమె ఇంటికి ఒక తరం ఆలస్యంగా వచ్చింది. కూతురు గీతారెడ్డి డాక్టర్ అయ్యారు, 1989లో కాంగ్రెస్ టికెట్ మీద గజ్వేల్ నుంచి గెలిచారు. ఆ ఎన్నిక తర్వాత ముఖ్యమంత్రి చెన్నారెడ్డే! దీన్ని ద్రోహం అనడం తేలిక. రిపబ్లికన్ పార్టీలాంటి సొంత ఇల్లు కూలిపోయాక, రిజర్వుడు సీటు దాకా పోవాలన్నా మనవాళ్లు ఎవరి గడప తొక్కాల్సి వచ్చిందో అడగడం కష్టం. మనం అడగాల్సింది అదే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, యూనివర్సిటీల్లో మీరు జేఏసీలు పెడుతున్నారు. దెబ్బలు మీకు, కేసులు మీకు. రేపు ఒక పెద్దమనిషి వచ్చి ముందు వరుసలో కూర్చుంటాడు. కూర్చోనివ్వండి, బలం అవసరమే. కానీ చర్చలకు ఎవరు పోవాలి, ఒప్పందం మీద సంతకం ఎవరు పెట్టాలి అన్నది ఆయన రాకముందే రాసుకోండి. 1971లో తూటాలు తిన్న పిల్లలను అడిగి విలీనం చేయలేదు.

పరీక్షలో చెన్నారెడ్డి గురించి అడుగుతారు, రాయండి. ఎల్లారెడ్డి 1972 గురించి అడగరు. అది మీ చెల్లెళ్లకు మీరే చెప్పండి.

జై భీమ్.