రోగి రహస్యము

సొమ్ము పోయిన మరల నార్జింపవచ్చును. రోగచరిత్రము పరుల పాలైనచో దానిని మార్చుకొన వీలులేదు.

2022 నవంబరు 23వ తేదీన ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థ కంప్యూటర్లపై దుండగులు దాడి సలిపి, ఐదు సర్వర్లలోని సమాచారమును ఎవ్వరికిని తెరవరాని గూఢలిపిగా మార్చివైచిరి. రోగుల పేర్ల నమోదు మొదలుగా పనులను కొన్నాళ్లు కాగితము మీద నడుపవలసివచ్చెను. దాడి సోకని వేరొక సర్వరులో ప్రతి యుండబట్టి ఆసుపత్రి సమాచారము మరల దక్కెను.

కావున ప్రతి యొకటి వేరుగా నుంచుట నష్టమునకు మందు. చౌర్యమునకు మాత్ర మది మందు గాదు. ప్రతులు పెరిగినకొలది దొంగకు ద్వారములును పెరుగును. ఆ ప్రతిని గూడ గూఢలిపిలోనే దాచవలయును. ఎవరెప్పు డే రోగి పత్రమును తెరచిరో యంత్రమే వ్రాసి యుంచవలయును. ఒకే సంకేతపదమును పదిమంది వాడు చోట తెరచిన దెవరో తేలదు.

మన యిండ్ల మాట యేమి? ఆడపిల్ల మూర్ఛవ్యాధి బయటపడిన సంబంధము తప్పిపోవునని దాచు తల్లిదండ్రులను మేమెరుగుదుము. ఆ సిగ్గు కూడదని బోధింపవలసినదే. కాని రహస్యము నిలువదని తలచిన రోగి వైద్యునికే నిజము చెప్పడు. చెప్పని రోగమునకు చికిత్స యెక్కడిది? అంత భయపడు మనమే పరీక్షాపత్రములను ఫోనులో బంధువులందరకు పంపుచున్నాము! మన పత్రములను ఎవరెవరు చూడగలరని ఆసుపత్రివారి నడుగుటకు జంకనక్కరలేదు. అడుగుటకు ముందు మన ఫోనునకు తాళము వేయుదము.