నెరిసిన మూతికీ ఓ ఇల్లు!

శాన్‌ఫ్రాన్సిస్కో అనగానే గోల్డెన్‌గేట్ వంతెన కళ్లముందు నిలుస్తుంది. నిట్టనిలువు వీధుల్లో గంట కొట్టుకుంటూ పాకే కేబుల్‌ కార్లు, మిట్టమధ్యాహ్నమూ వదలని పొగమంచు గుర్తొస్తాయి. ఆ ఊరికెళ్లే పర్యాటకుల జాబితాలో ఎప్పుడూ కనిపించని చోటు ఒకటుంది. అక్కడ సోఫాల మీద, పరుపుల మీద గురకపెట్టి నిద్రపోయేవాళ్లంతా ముసలివాళ్లే. ఒకరికి పళ్లుండవు, ఇంకొకరికి చెవులు వినపడవు. మరొకరికి రెండు కళ్లలోనూ శుక్లాలు. మనుషులనుకునేరు... కుక్కలు!

దాని పేరు మట్‌విల్. ఏ జాతిదో చెప్పలేని కుక్కను అమెరికాలో ‘మట్’ అంటారు. విల్ అంటే ఊరు. మన మాటల్లో చెప్పాలంటే... నాటుకుక్కల ఊరు. మిషన్‌ డిస్ట్రిక్ట్‌లో ఉన్న ఈ సంస్థ ఏడేళ్లు, ఆపై వయసున్న కుక్కల్నే చేరదీస్తుంది. వాటికి వైద్యం చేయించి, కొత్త ఇల్లు వెతికి పంపిస్తుంది. బోనులు లేకపోవడం ఇక్కడి ప్రత్యేకత.

కుక్కలకు ప్రత్యేక చట్టం

ఇలాంటిది ఈ ఊళ్లోనే పుట్టడం విచిత్రమేమీ కాదు. అసలు ఊరికి పేరొచ్చిందే పక్షులనూ జంతువులనూ తోబుట్టువులుగా భావించిన అసిసీ ఫ్రాన్సిస్ అనే సాధువు వల్ల. 1776లో స్పెయిన్ మతబోధకులు ఆయన పేరిట ఇక్కడ ‘మిషన్’ స్థాపించారు. మిషన్‌ డిస్ట్రిక్ట్ అన్న పేరు అలా వచ్చిందే. ఏటా అక్టోబరు 4న ఆ సాధువు పండుగ. ఆ రోజుల్లో చాలా చర్చిలకు జనం కుక్కల్నీ పిల్లుల్నీ ఎత్తుకొచ్చి ఆశీర్వాదం ఇప్పిస్తారు.

ఈ ఊరికి వీధికుక్కల కథ కూడా ఉంది. 1860ల్లో మాంట్‌గోమరీ వీధిలో బమ్మర్ అనే కుక్క ఉండేది. ఎలుకల్ని పట్టడంలో దిట్ట. 1861లో ఓ బక్కకుక్క కాట్లాటలో చావుబతుకుల్లో పడితే బమ్మర్ దాన్ని కాపాడింది. తిండి తెచ్చిపెట్టింది. రాత్రిళ్లు పక్కనే పడుకుని వెచ్చదనమిచ్చింది. అది లేచి తిరగడంతో జనం దానికి లాజరస్ అని పేరు పెట్టారు, బైబిల్లో చనిపోయి బతికినవాడి పేరు! ఆ జంట ముచ్చట్లను పత్రికలు పోటీపడి రాశాయి. 1862లో కుక్కలు పట్టేవాడు లాజరస్‌ను పట్టుకెళ్తే జనం గొడవ చేసి విడిపించారు. ఆ రెండింటికీ కుక్కల చట్టం వర్తించదని నగర పాలకులే ప్రకటించాల్సి వచ్చింది. ట్రాన్సమెరికా పిరమిడ్ భవనం పక్కనున్న చిన్న తోటలో వాటి జ్ఞాపకంగా ఓ ఫలకం ఇప్పటికీ ఉంది.

జంతుహింస నివారణకు ఇక్కడ 1868లోనే సంఘం ఏర్పడింది. ఆ సంఘం 1994లో నగర జంతు సంరక్షణ శాఖతో ఓ ఒప్పందం చేసుకుంది. దత్తతకు పనికొచ్చే ప్రతి కుక్కకూ, పిల్లికీ ఇల్లు చూపిస్తామన్నది దాని సారాంశం. అమెరికాలో అలాంటి మాట ఇచ్చిన తొలి నగరం ఇదే.

మాట బాగానే ఉంది. మరి ఇల్లు వెతికేవాళ్లెంతమందున్నా, వచ్చినవాళ్ల చూపు ముసలి కుక్క మీద నిలవాలి కదా!

ఒక క్షురశాల నుంచి...

ఆ చూపు నిలవకపోవడాన్ని దగ్గరగా చూసిన మనిషి షెర్రీ ఫ్రాంక్లిన్. వృత్తి జుట్టు కత్తిరించడం. ఖాళీ ఉన్నప్పుడు జంతు సంరక్షణశాలలో స్వచ్ఛంద సేవ. పిల్లలతో వచ్చిన జంటలు నేరుగా కూనల దగ్గరికెళ్లేవి. మూతి నెరిసిన కుక్క మూలన అలాగే ఉండిపోయేది. చోటు చాలనప్పుడు ముందుగా ప్రాణం పోయేది కూడా దానికే. అలాంటివాటిని ఒక్కొక్కటిగా ఆమె తన ఇంటికే తీసుకెళ్లడం మొదలుపెట్టారు. 2007లో అదే మట్‌విల్ అయింది. 2016లో సీఎన్ఎన్ ‘హీరో’ల జాబితాలో ఆమెకు చోటు దక్కింది.

ఇంతకీ ముసలి కుక్కలు సంరక్షణశాలకు ఎందుకొస్తాయి? చెడ్డవై కాదు. యజమాని చనిపోతాడు, లేదా వృద్ధాశ్రమానికి వెళ్తాడు. మారిన అద్దె ఇంట్లో కుక్కల్ని రానివ్వరు. పళ్లకో, కిడ్నీలకో వైద్యం చేయించాలంటే ఖర్చు భయపెడుతుంది. పదేళ్లు ఒకే మంచం కింద పడుకున్న కుక్క ఒక్క పూటలో సిమెంటు గచ్చు మీదికి చేరుతుంది. బెంగతో తిండి మానేస్తుంది. అలా ముడుచుకు కూర్చున్న కుక్కను ఎవరు చూస్తారు?

62... భలే లెక్క!

కుక్కకు ఒక ఏడాది అంటే మనిషికి ఏడేళ్లు... ఇది అందరికీ తెలిసిన లెక్క. కానీ తప్పు లెక్క! శాన్‌డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు లాబ్రడార్ జాతి కుక్కల డీఎన్‌ఏలో వయసుతో వచ్చే మార్పుల్ని మనుషులతో పోల్చి 2020లో కొత్త సూత్రం ప్రచురించారు. దాని ప్రకారం ఏడాది కుక్క దాదాపు ముప్ఫై ఏళ్ల మనిషితో సమానం. తొలినాళ్లలో పరుగెత్తే వయసు తర్వాత నెమ్మదిస్తుంది. ఏడేళ్ల కుక్కకు లెక్క కడితే వచ్చేది 62. అన్ని జాతులకూ ఇదే వర్తించదు. చిన్న కుక్కలు పెద్దవాటికన్నా ఎక్కువ కాలం బతుకుతాయి. చివావా లాంటిది పదిహేనేళ్లు అవలీలగా లాగేస్తే, గ్రేట్‌డేన్‌కు పదేళ్లంటే గొప్పే.

విశేషం ఏంటంటే, మట్‌విల్‌లో 62 దాటిన మనుషులకు దత్తత రుసుము ఉండదు. పెద్దలకు పెద్దలే తోడన్నమాట. దీని వెనక ఓ ఇంగితం ఉంది. డెబ్భై దాటిన మనిషి కూనను తెచ్చుకుంటే, ‘నా తర్వాత దీని గతేంటి?’ అన్న దిగులు పీడిస్తుంది. దాని పరుగుకు తగ్గ ఓపికా ఉండదు. పన్నెండేళ్ల కుక్కతో ఆ బాధ లేదు. నడక ఇద్దరిదీ ఒకటే. కునుకు వేళా ఒకటే.

ఇక నయంకాని జబ్బుతో ఉన్నవాటికి మరో ఏర్పాటు. వాటిని ఇంట్లో ఉంచుకుని ఆఖరి రోజులు హాయిగా గడిచేలా చూసేవాళ్లకు వైద్యం ఖర్చు సంస్థే భరిస్తుంది. చనిపోతుందని తెలిసీ ఇంటికి తీసుకెళ్లేవాళ్లు ఉంటారా? ఉన్నారు కాబట్టే ఆ పథకం నడుస్తోంది.

తేలికేం కాదు

ముసలి కుక్కతో లాభాలు చాలానే ఉన్నాయి. చెప్పులు కొరకదు. ఎక్కడపడితే అక్కడ తడపకూడదన్న సంగతి చాలావాటికి ముందే తెలుసు. దాని స్వభావం, సైజు ఎలా ఉంటాయోనన్న సందేహమూ ఉండదు. ఎదుట ఉన్నదే.

అలాగని అంతా సుఖమే అనుకుంటే పొరపాటు. కీళ్లనొప్పులతో మెట్లెక్కలేదు, నున్నటి గచ్చు మీద కాళ్లు జారతాయి. పట్టాలు పరచాలి. చూపు లేని కుక్క ఉన్న ఇంట్లో కుర్చీలు, బల్లలు అటూఇటూ జరపకూడదు. వినపడనిదానికి చేతి సైగలు నేర్పాలి. కొన్నింటికి మతిమరుపు వస్తుంది. అర్ధరాత్రి లేచి గోడకేసి చూస్తూ నిలబడతాయి. ఏడాదికి రెండుసార్లయినా డాక్టరుకు చూపించాలి. కొత్త ఇంట్లో బెదురు తగ్గడానికి మూడు రోజులు, అలవాటు పడటానికి మూడు వారాలు, నాదనుకోవడానికి మూడు నెలలు పడుతుందని అనుభవజ్ఞుల మాట. అన్నిటికన్నా పెద్ద కష్టం మరోటుంది. ఆ అనుబంధానికి రెండేళ్లో, మూడేళ్లో... కొన్నిసార్లు నెలలే గడువు.

అయినా ఎందుకు తెచ్చుకుంటారు? సమాధానం కుక్కలో ఉంది. గడువు సంగతి దానికి తెలియదు. పొద్దున్నే లేచి తోక ఊపడమే దానికి తెలుసు.

అరుగు మీది కుక్క

ఫ్రీమాంట్, సన్నీవేల్ వీధుల్లో సాయంత్రం నడిచే తెలుగు అమ్మానాన్నలకు ఈ దృశ్యం కొత్తగానే ఉంటుంది. పిల్లల దగ్గర ఆరు నెలలు గడపడానికి వెళ్లినవాళ్లు వాళ్లు. పగలంతా ఇల్లు ఖాళీ. ఎదురుగా తమ వయసు మనిషి, తన వయసు కుక్క... ఇద్దరూ అడుగులో అడుగేస్తూ వస్తుంటే పలకరింపుగా ఓ నవ్వు. భాష అక్కర్లేదు.

మన పల్లెల్లో కుక్కను ఎవరూ దత్తత తీసుకునేవారు కాదు. అదే వచ్చి అరుగు పట్టేది. పెట్టిన ముద్ద తిని, ఆ అరుగు మీదే ముసలిదై, అక్కడే కన్నుమూసేది. అపార్ట్‌మెంట్లు వచ్చాక అరుగులు పోయాయి. కుక్కను ధర పెట్టి కొనడం వచ్చింది. కొన్నది కాబట్టి పాతబడితే పారేయొచ్చన్న ఆలోచనా వచ్చింది. నడుం పడిపోయిన లాబ్రడార్‌ను ఊరి చివర వదిలి కారెక్కేవాళ్లు మన నగరాల్లోనూ ఉన్నారు. హైదరాబాద్‌లో 1992లో అక్కినేని అమల మొదలుపెట్టిన బ్లూక్రాస్, విశాఖలో 1996 నుంచి పనిచేస్తున్న వీఎస్‌పీసీఏ లాంటివి ఉండబట్టి దిక్కులేని మూగజీవాలకు ఆ కాస్త నీడ. అలాంటి చోటికి కుక్కపిల్ల కోసం వెళ్లినవాళ్లు మూలనున్న ముసలిదాని వైపూ ఓసారి చూస్తే చాలు.

మహాప్రస్థానంలో తమ్ముళ్లూ ద్రౌపదీ పడిపోయాక ధర్మరాజు వెంట చివరిదాకా నడిచింది ఓ కుక్క. దాన్ని వదిలేసి రథమెక్కమని ఇంద్రుడంటే ఆయన ఒప్పుకోలేదు. దాని జాతేమిటని ధర్మరాజు అడగలేదు. వయసెంతనీ అడగలేదు!