అబ్బాయి గదిలో అమెరికా అమ్మాయి

చందానగర్‌లోని ఆ ఇంట్లో ఓ గది చాలాకాలంగా ఖాళీ. అలమరాలో ఎంసెట్ పుస్తకాలు, గోడమీద సచిన్ పోస్టరు, మూలన క్రికెట్ బ్యాటు... అన్నీ ఎక్కడివక్కడే. గది తాలూకు అబ్బాయి మాత్రం ఎమ్మెస్ చేయడానికి అమెరికా వెళ్లాడు. ఓ జులై నెలలో అదే అమెరికా నుంచి ఒకమ్మాయి వచ్చి, ఆ మంచంమీదే సూట్‌కేసు తెరిచింది.

ఆమె హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఒక సెమిస్టరు చదువుకోవడానికి వచ్చింది. విదేశీ విద్యార్థుల కోసం ఆ విశ్వవిద్యాలయం 1998లో ‘స్టడీ ఇన్ ఇండియా’ కార్యక్రమం మొదలుపెట్టింది. తెలుగు, హిందీ భాషలు, చరిత్ర, నృత్యం... ఇలా నచ్చినవి ఇక్కడ చదువుకుంటే ఆ మార్కులు సొంత కాలేజీ లెక్కలోకి వెళ్తాయి. క్యాంపస్‌లో బసకు టాగోర్ ఇంటర్నేషనల్ హౌస్ ఉంది. ‘మాకు ఇంటి వాతావరణమే కావాలి’ అన్నవాళ్లకు ఊళ్లోని కుటుంబాలే ఆతిథ్యమిచ్చాయి.

చదువుకోసం పరాయి దేశంలో అతిథి కావడం ఈ విశ్వవిద్యాలయానికి పుట్టుకతో వచ్చిన బంధం. 1974లో అది మొదలైంది ఆబిడ్స్‌లోని గోల్డెన్ త్రెషోల్డ్‌లో. సరోజినీ నాయుడు ఇల్లది. 1895లో పదహారేళ్ల వయసులో, నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో ఇంగ్లండు వెళ్లి లండన్‌లో, కేంబ్రిడ్జిలో చదువుకున్నారామె.

ఆ తర్వాత విశ్వవిద్యాలయం గచ్చిబౌలికి మారింది. మొదటిసారి వచ్చినవాళ్ల చూపు ముందు పడేది రాళ్లమీదే. దాదాపు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైటు గుండ్లు ఒకదానిమీద ఒకటి, ఎవరో పేర్చిపెట్టినట్టే ఉంటాయి. పుట్టగొడుగులా కనిపించే మష్రూమ్ రాక్, పీకాక్ లేక్, బఫెలో లేక్... క్లాసులు లేనప్పుడు ఆ అమ్మాయి మకాం అక్కడే.

ఇంట్లోనే అసలు పాఠాలు మొదలయ్యాయి!

విదేశీయులకు బస ఇస్తే 24 గంటల్లోగా సంబంధిత అధికారులకు తెలియజేయాలి. ఆ పని చేశారు. నీళ్ల ఫిల్టరు పెట్టించారు. కూరల్లో కారం తగ్గించారు. అయినా తిప్పలు తప్పలేదు. ‘చాలు’ అంటే ఇంకో గరిటె పడేది. పళ్లానికి చెయ్యి అడ్డం పెడితేనే వడ్డన ఆగుతుందని ఆమెకు తెలియడానికి వారం పట్టింది. మంచినీళ్లిచ్చినా ‘థ్యాంక్స్’ అంటుంటే ఇల్లాలికి మనసు చివుక్కుమనేది. ఇంట్లోవాళ్లకు థ్యాంక్స్ ఏమిటి? ‘ఆంటీ ఏంది, చిన్నమ్మా అను’ అన్నారావిడ. పొద్దున్నే గుమ్మంలో నిలబడి ‘వెళ్తున్నాను’ అంటే, ‘అట్ల అనొద్దు బిడ్డా... పోయొస్తా అనాలె’ అని దిద్దారు.

అన్నిటికన్నా బాధ పెట్టింది మూసిన తలుపు. క్లాసు నుంచి రాగానే ఆ అమ్మాయి గదిలోకి వెళ్లి తలుపేసుకునేది. ‘కోపమొచ్చిందా? వంట నచ్చలేదా?’ అని ఆవిడ పదేపదే తట్టేవారు.

ఒకరాత్రి ఆ అమ్మాయి రావడం ఆలస్యమైంది. పదింటికి ఆటో దిగేసరికి గేటు దగ్గర చిన్నమ్మ. ‘నామీద నమ్మకం లేదా?’ అంది అమ్మాయి. ఆవిడకు కళ్లనీళ్లొచ్చాయి. నమ్మకం లేక కాదు, పిల్ల ఇల్లు చేరకుండా అన్నం సహించక నిలబడ్డారు. మర్నాడు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. తలుపు వేసుకోవడమంటే అలగడం కాదని, తనతో తాను కాసేపు ఉండటమని అమ్మాయి చెప్పింది. గేటు దగ్గర నిలబడటమంటే కాపలా కాదని ఆవిడ చెప్పారు. ఒప్పందం కుదిరింది. ఆలస్యమైతే ఎనిమిదింటికల్లా ఫోను చేయాలి. భోజనానికి తప్ప తలుపు తట్టకూడదు.

ఆ ఆదివారం కొడుకు ఫోను చేశాడు. ‘నిన్న ఫోనెందుకు ఎత్తలేదు? ఎక్కడికి పోయినవ్? ఎవరితోటి?’ ప్రతివారం అడిగే ప్రశ్నలు నోటిదాకా వచ్చాయి. ఆవిడ అడగలేదు. ‘తిన్నాను, బాగున్నాను’ దగ్గర ఆగిపోయే అబ్బాయి, కాసేపు ఊరుకుని, పనిచేసిచోట తనకెదురైన ఇబ్బంది తనంతట తనే చెప్పాడు. ఇన్నాళ్లూ వాడు దూరమయ్యాడనుకున్నారు. వాడూ అక్కడ ఒక తలుపు వేసుకుంటున్నాడని, దాన్ని ఫోనులో తాను ఊరికే బాదుతున్నానని పరాయి పిల్ల వచ్చాకే అర్థమైంది.

సద్దుల బతుకమ్మ నాటికి ఆ అమ్మాయి తంగేడు, గునుగు పూలు బజారు నుంచి తనే బేరమాడి తెచ్చింది. వరసలు పేర్చడంలో వంకర పోయినా, చప్పట్లు మాత్రం తాళం తప్పలేదు. థ్యాంక్స్‌లు తగ్గాయి. తిన్న పళ్లెం తనే కడుక్కుంటానంటే ఆవిడా అడ్డుచెప్పడం మానేశారు.

డిసెంబరులో ప్రయాణం. సూట్‌కేసులో సత్తుపిండి డబ్బా, మామిడికాయ తొక్కు. విమానాశ్రయం గుమ్మంలో అమ్మాయి వెనక్కి తిరిగి ‘పోయొస్తా చిన్నమ్మా’ అంది.

ఇంటికొచ్చాక గది సర్దుదామని వెళ్లారావిడ. తలుపు వేసి ఉంది. లోపల ఎవరూ లేరని తెలిసీ, అలవాటుగా ఒకసారి తట్టి ఆగారు. తర్వాతే తెరిచారు.