రాగిజావతో పాటు ఒక మాట

ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లో 2023 మార్చిలో పిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టారు. చాలా మంచి పని. గ్లాసు చేతికిచ్చేటప్పుడు అందులో ఏముందో కూడా చెబితే ఇంకా బాగుంటుంది. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. ఎదిగే ఎముకలకు కావలసింది అదే.

ఇంట్లోనూ అంతే, పెట్టేదాంట్లో ఏముందో పిల్లలకు చెప్పండి. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండేది రుచి కోసమే కాదు, నిమ్మరసంలోని సి విటమిన్ వల్ల ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. దింపాక పిండాలి, ఉడికిస్తే ఆ విటమిన్ చాలావరకు పోతుంది. ఆ పని పిల్లల చేతే చేయించండి. ఇలా చెప్పి తినిపించాలి గానీ, తినకపోతే బూచాడొస్తాడని బెదిరించడం నాకు అసలు నచ్చదు. ఈసారి రైతుబజారుకి వాళ్లనీ వెంటబెట్టుకెళ్లండి, ఆకుకూర కట్టలు వాళ్లనే ఏరనివ్వండి.