షుగరు ఉన్నవారు సైకిలు మీద సముద్రానికి వెళ్ళవచ్చునా?

"షుగరు వచ్చింది డాక్టరుగారూ, ఇక సైకిలు మానేశాను" అని రోగులు చాలామంది నాతో అంటూంటారు. మానవలసిన పని లేదు. ఈ జబ్బుకు నడక ఎంత మంచిదో సైకిలూ అంత మంచిదే. తొక్కేటప్పుడు తొడ కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. అయితే ఆ మేలులోనే ఒక ప్రమాదమూ ఉంది. అది తెలుసుకుని బయలుదేరాలి.

మా ఇంటి సంగతే చెబుతాను. నాకు యాభై ఆరు, మా ఆవిడకు యాభై రెండు. ఎనిమిదేళ్ళుగా ఆమెకు షుగరు. మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుంటుంది. పొన్నూరు నుంచి బాపట్ల మీదుగా సూర్యలంకకు సైకిళ్ళ మీద వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావాలని ఆమె కోరిక. రానూ పోనూ సుమారు 60 కిలోమీటర్లు. "ఈ వయసులో ఎందుకమ్మా, కారులో వెళ్ళండి" అన్నాడు మా అబ్బాయి. "కారెక్కితే మీ నాన్నగారు నిద్రపోతారురా" అంది ఆవిడ.

మూడు నెలల ముందే సాధన మొదలుపెట్టాం. రోజుకు 5 కిలోమీటర్లతో ప్రారంభించి కొద్దికొద్దిగా పెంచుకుంటూ వచ్చాం. డాక్టరు తన ఇంట్లోవాళ్ళకు తానే వైద్యం చెయ్యడం మంచిది కాదు. అందుచేత ఆమెను చూసే ఫిజీషియన్‌ను అడిగాం. గుండె, కళ్ళు, పాదాలు పరీక్షించి, ఆ ఒక్క రోజుకు గ్లిమిపిరైడ్ మోతాదు తగ్గించారు. ఇది ఎవరికి వారు చేసుకునే పని కాదు.

సంక్రాంతి వెళ్ళిన తరవాత ఒక ఆదివారం, వెలుగు రాగానే ఇడ్లీలు తిని బయలుదేరాం. కోస్తాలో సాధారణంగా తెల్లవారుజామున గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది, మధ్యాహ్నానికి సముద్రం మీది నుంచి నేల వైపు తిరుగుతుంది. పొద్దున వెళ్ళి, ఎండ తగ్గాక తిరిగివస్తే శ్రమ తక్కువ. పది గంటలలోపే సముద్రం చూశాం. మోకాళ్ళ లోతుకు మించి దిగలేదు. అలసిన కాళ్ళలో పిక్కలు పట్టేస్తాయి. అలల్లో అది ప్రాణాపాయం.

తిరుగుదారిలో అప్పికట్ల దగ్గర మా ఆవిడ సైకిలు ఆపింది. "ఏమండీ, చెమట పడుతోంది. ఇది ఎండ చెమట కాదు" అంది. చేతులు వణుకుతున్నాయి, ఒళ్ళు చల్లబడింది. సంచిలోని గ్లూకోమీటరు 62 చూపించింది. 70 కన్న తగ్గితే ఆలస్యం చెయ్యకూడదు. మూడు చెంచాల గ్లూకోజు నీళ్ళలో కలిపి ఇచ్చాను. పదిహేను నిమిషాల తరవాత చూస్తే 96. బిస్కట్లు తిని మరో అరగంట చెట్టు నీడన కూర్చుంది. "ఆటో పిలవనా?" అన్నాను. మళ్ళీ పరీక్ష చేసుకుంది. 118 ఉంది. "ఇంక పదండి" అంది.

రాత్రికి కూడా జాగ్రత్త అవసరం. కండరాలు ఖర్చయిన నిల్వను నింపుకోవడానికి గంటల తరబడి రక్తంలోని చక్కెరను లాక్కుంటూనే ఉంటాయి. అందుకే భోజనం మానకుండా చేసి, పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున రెండింటికి ఒకసారి పరీక్ష చేసుకుంది.

ఇలా వెళ్ళదలచినవారు ఈ సంగతులు గుర్తుంచుకోవాలి. చక్కెర 90 కన్న తక్కువ ఉంటే ఏమైనా తినకుండా బయలుదేరకండి. గంటకోసారి ఆగి మంచినీళ్ళో, ఉప్పు వేసిన మజ్జిగో తాగండి. గ్లూకోజు ఇద్దరి సంచుల్లోనూ ఉండాలి. చాక్లెట్టు దానికి బదులు కాదు. అందులోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఒంటపడుతుంది. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పొయ్యకండి, 108కి ఫోను చెయ్యండి. వేడి ఇసుకలో వట్టికాళ్ళతో నడవకండి. పాదాలు మొద్దుబారినవారికి కాలినా తెలియదు.

జంటగా వెళ్ళేటప్పుడు నెమ్మదిగా తొక్కేవారి వేగమే ఇద్దరి వేగం కావాలి. ముందుకు దూసుకుపోయే భర్తకు వెనకనున్న భార్య చేతుల వణుకు కనిపించదు.