గోడ మీద మా చిన్నోడి ఫోటో

మందు అమ్మే చోట గడప తొక్కనని మా అమ్మకి మాటిచ్చి ముప్పై మూడేళ్లయింది. 2025 జులై 27న ఆ మాట తప్పాను. ఎందుకు తప్పానో మీతో చెప్పుకుంటే గాని నా మనసు తేలికపడేలా లేదు.

మాది నెల్లూరు జిల్లాలో ఓ పల్లె. మా నాన్న మంచివాడే, సారా కడుపులో పడనంతసేపూ. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించారన్న కబురు రాత్రి బడుల నుంచి ఊరూరా పాకింది. మా ఊళ్లోనూ అమ్మావాళ్లు చీపుళ్లు పట్టుకుని అంగడి ముందు కూర్చున్నారు. నాకప్పుడు పన్నెండేళ్లు. ఆ రాత్రే అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. తాగే వాడిని చేసుకోనని ఒకటి, అలాంటి గడప తొక్కనని ఇంకొకటి. మరుసటి ఏడు అక్టోబరులో ప్రభుత్వం సారాని నిషేధించింది. నాన్న ఆ తరవాత ఎక్కువ కాలం లేడు.

ఇప్పుడు మేముండేది ఐర్లండులో, కెర్రీ కౌంటీలో ఓ చిన్న ఊరు. మావారి ఉద్యోగం కోసం వచ్చి ఐదేళ్లయింది. ఊరంటే ఒక చర్చి, ఒక బడి, ఒక ఆటస్థలం, ఒక పబ్బు. ఆ పబ్బు ముందు నుంచే రోజూ కూరగాయలకి వెళ్తాను. ఐదేళ్లలో ఒక్కసారి కూడా లోపలికి తల తిప్పి చూడలేదు. నవ్వకండి, అలవాటు అలాంటిది.

కెర్రీ వాళ్లకి గేలిక్ ఫుట్‌బాల్ అంటే ప్రాణం. మన ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు. జట్టుకి పదిహేను మంది. ఈ ఆటల సంఘాన్ని 1884 నవంబరు 1న థర్లెస్ అనే ఊళ్లో ఒక హోటల్లో కూర్చుని మొదలుపెట్టారట. ఇప్పటికీ ఆడేవాళ్లకి జీతం లేదు. టీవీలో దేశమంతా చూసే ఆటగాడు సోమవారం పొద్దున మామూలుగా పనిలోకి పోతాడు. ఎక్కువగా పుట్టి పెరిగిన ఊరికే ఆడతారు. మా చిన్నోడు ఇక్కడికొచ్చిన రెండో నెలలోనే బంతి పట్టుకున్నాడు. ఇప్పుడు పద్నాలుగేళ్ల లోపు పిల్లల జట్టులో ఉన్నాడు.

జులై మొదట్లో ఒకరోజు అన్నం తింటూ అన్నాడు, "అమ్మా, మా జట్టు ఫోటో పబ్బులో గోడకి పెట్టారు."

"మంచిది నాన్నా" అన్నాను.

"అందరి అమ్మలూ చూశారు. నువ్వు తప్ప."

వాడు కోపంగా అన్లేదు. చారు పోసుకుంటూ మామూలుగా అన్నాడు. అందుకే నాకు ముద్ద దిగలేదు.

27వ తేదీ ఆదివారం. డబ్లిన్‌లో క్రోక్ పార్కులో కెర్రీకీ డోనెగాల్‌కీ ఆఖరి పోటీ. టిక్కెట్లు దొరికినవాళ్లు డబ్లిన్ పోయారు, దొరకనివాళ్లంతా పబ్బులో టీవీ ముందు చేరారు. మావారూ చిన్నోడూ బయల్దేరుతుంటే నేనూ చెప్పులు వేసుకున్నాను. మావారు ఏమీ అడగలేదు. చిన్నోడు మాత్రం నా చెయ్యి పట్టుకుని నడిచాడు. పదమూడేళ్లొచ్చాక వాడు నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

గుమ్మం దగ్గర నాకు కాళ్లు ఆడలేదు. పులిసిన వాసన ఒక్కసారి ముక్కుకి తగిలి, మా ఊరి అంగడి కళ్ల ముందు నిలబడింది. లోపలంతా ఆకుపచ్చా పసుపూ చొక్కాలు, అవి కెర్రీ రంగులు. చంటిపిల్లలు, తాతలు, అమ్మమ్మలు. పిల్లలు తొమ్మిదింటికల్లా, ఎండాకాలమైతే పదింటికల్లా వెళ్లిపోవాలని ఇక్కడ చట్టం. చిన్నోడి స్నేహితులు ఎర్ర లెమనేడ్ తాగుతూ నేల మీద బాసింపట్టు వేసుకున్నారు.

నా తడబాటు చూసి యజమాని తల్లి, ఎనభై దాటిన ఆవిడ, తలుపు పక్కనున్న చిన్న చెక్క గదిలో కూర్చోబెట్టింది. దాన్ని స్నగ్ అంటారు. వెనకటి రోజుల్లో ఆడవాళ్లు మగవాళ్ల కంటబడకుండా ఇందులోనే కూర్చునేవారట. టీ తెచ్చింది. స్వెటరు మీద చిన్న ఎర్ర హృదయం బొమ్మ ఉన్న బిళ్ల కనిపిస్తే ఏమిటని అడిగాను.

"పయొనీర్ బిళ్ల. మందు ముట్టనని ఒట్టు వేసుకున్నవాళ్లం పెట్టుకుంటాం. నేను పన్నెండో ఏట వేసుకున్నాను, మా నాన్న కోసం."

నా చేతిలో కప్పు వణికింది. ఆ సంఘం 1898 నుంచీ ఉందట. పన్నెండేళ్లకి ఒట్టు వేసుకుని, అరవై ఏళ్లుగా పబ్బులో గ్లాసులు కడుగుతోంది ఈవిడ! మరి అమ్ముతారెందుకని అడగబోయి నోరు నొక్కుకున్నాను. నా మొహం చూసే ఆవిడకి అర్థమైనట్టుంది.

"ఇది మా అత్తగారి ఇల్లు, నేను కట్టింది కాదు. ఇక చాలు ఇంటికి పో అని చెప్పడానికైనా ఒళ్లు తెలిసిన మనిషి ఒకరుండాలిగా" అంది.

ఆ మాటతో నేను పూర్తిగా ఒప్పుకోలేదు. బల్ల చివర ఒకాయన టీవీ వైపు కూడా చూడకుండా గ్లాసులోకే చూస్తూ కూర్చున్నాడు. ఆయన ఇంట్లో ఎవరు ఎదురు చూస్తున్నారో అనిపించింది. చొక్కాల రంగు మారినా ఆ చూపు నాకు తెలుసు. కాసేపటికి పెద్దావిడ ఆయన ముందు గ్లాసు తీసేసి టీ కప్పు పెట్టడం కూడా చూశాను.

ఆట అయిపోయింది. కెర్రీ 1-26, డోనెగాల్ 0-19. ఒక గోలంటే మూడు పాయింట్లని చిన్నోడు చెప్పాడు, అంటే ఇరవై తొమ్మిదికి పంతొమ్మిది. ముప్పై తొమ్మిదోసారి కప్పు కెర్రీది. అరుపులతో పైకప్పు లేచిపోతుందనుకున్నాను. ఆ గోలలోనే వాడు నన్ను గోడ దగ్గరికి లాక్కెళ్లాడు.

గోడ నిండా ఫోటోలు. నలుపు తెలుపువి, రంగు వెలిసినవి, కొత్తవి. ఒకటే ముక్కు తాతకీ కొడుక్కీ మనవడికీ. అన్నిటికంటే కిందుగా కొత్త ఫ్రేములో రెండో వరసలో మా వాడు, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ. కింద మా ఇంటిపేరు ఒక్క అక్షరం తప్పు పోకుండా రాశారు. బడిలో, బ్యాంకులో, ఆస్పత్రిలో ఎక్కడా సరిగ్గా రాయని పేరు! ఎవరో పనిగట్టుకుని అడిగి రాసుకున్నారు. అక్కడ నిలబడి ఏడ్చాను. చిన్నోడు చుట్టూ చూసి, "అమ్మా, గెలిచాం కదా" అన్నాడు.

మర్నాడు అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఒట్టు తప్పానన్నాను. చాలాసేపు పలకలేదు. తరవాత అడిగింది, "ఆ ముసలామెకి కూడా వాళ్ల నాన్నేనా?"

"అవునమ్మా."

"సరేలే. పిల్లోడి ఫోటో పంపు."

నేను తీసిన ఫోటోలో ఫ్రేము అద్దం మీద వెనక సీసాల వరస కనిపిస్తోంది. కత్తిరించి పంపుదామా అని ఒక్క క్షణం అనుకున్నాను. కత్తిరించలేదు. ఉన్నది ఉన్నట్టే పంపాను.

పది నిమిషాలకి అమ్మే ఫోన్ చేసింది. సీసాల సంగతి ఎత్తలేదు. "పిల్లోడు అంత నల్లబడ్డాడేందే? ఎండలో తిప్పబాకండి" అంది. ఐర్లండులో ఎండ!