బోధన్ దారిలో పరుగు

నిజామాబాద్ నుంచి ఎడపల్లి మీదుగా బోధన్‌కు దారి పొడవునా వరి మడులు, చెరకు తోటలు. చివర శక్కర్‌నగర్‌లో 1937లో వెలిసి, 2015లో మూతపడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ. బోధన్ దాకా పోయి వెనక్కి వస్తే మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు దాటుతుంది. అంతకు మించిన పరుగే అల్ట్రా మారథాన్.

అమెరికన్ డీన్ కర్నాజెస్ 1992లో తన 30వ పుట్టినరోజు రాత్రి 30 మైళ్లు పరుగెత్తాడు. 2005లో తన పరుగులపై పుస్తకం రాశాడు. 2006లో 50 రోజుల్లో 50 మారథాన్‌లు ముగించాడు.

అది చదివి రేపే పరుగందుకోకండి. బి.పి., షుగరు ఉన్నవారు ముందు డాక్టరుకు చూపించుకోవాలి. నడకతో మొదలుపెట్టి నెలల తరబడి పెంచాలి. గంటలకొద్దీ చెమటోడుస్తూ దాహానికి మించి ఉత్త నీళ్లే తాగితే రక్తంలో ఉప్పు పలచబడి ప్రాణం మీదికి రావచ్చు. గుండె నొప్పి, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే ఆగిపోండి.